తూర్పు తీరంలో కెమెరా: కొత్తవాళ్ళు ముందు ఏది నేర్చుకోవాలి

సముద్రాన్ని ఫొటో తీయడం మొదలుపెట్టినవాళ్ళకు సలహాలకు కొదవ లేదు. పుస్తకాలు, వీడియోలు, కెమెరా దుకాణాలవాళ్ళు, ఫొటో క్లబ్బుల్లో పెద్దవాళ్ళు, అందరూ చెప్పేవాళ్ళే. వాళ్ళు చెప్పేవన్నీ ఒకచోట చేర్చి చూస్తే మూడు పాయలుగా విడిపోతాయి. ఒక పాయ సామగ్రిది: ఏ లెన్సు, ఏ ఫిల్టరు, ఏ ట్రైపాడ్. రెండోది సెట్టింగులది: షట్టర్ ఎంత, ఎపర్చర్ ఎంత, ఐఎస్‌ఓ ఎంత. మూడోది కూర్పు సూత్రాలది: గీత ఎక్కడుండాలి, ముందుభాగంలో ఏముండాలి. మూడింటిలోనూ నిజముంది. అయినా వాటిని కంఠతా పట్టి విశాఖ బీచికో, సూర్యలంకకో, మైపాడుకో వెళ్ళినవాళ్ళలో చాలామంది నిరాశతోనే తిరిగొస్తారు. ఫొటోలో ఆకాశం తెల్లగా మాడిపోయి ఉంటుంది. నీళ్ళు బూడిదరంగులో ఉంటాయి. ఒడ్డున నిలబడినప్పుడు గుండె ఝల్లుమనిపించిన అల తెర మీద చిన్న ముడతలా కనిపిస్తుంది.

నా ఉద్దేశంలో దీనికి ముఖ్యమైన కారణం ఒకటుంది. ఆ సలహాల్లో ఎక్కువ భాగం వేరే తీరాల మీద పుట్టినవి. కాలిఫోర్నియా, ఓరెగాన్, కార్న్‌వాల్, ఐస్‌లాండ్ లాంటి చోట్ల సముద్రం రాళ్ళను కొట్టుకుంటుంది. ఆ ప్రసిద్ధ తీరాల్లో చాలావాటికి సూర్యుడు సముద్రంలోనే అస్తమిస్తాడు. భూమధ్యరేఖకు దూరం కాబట్టి ఏటవాలుగా, తీరిగ్గా దిగుతాడు. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా సుమారు వెయ్యి కిలోమీటర్లున్న మన తీరంలో ఎక్కువ భాగం ఇసుకే. అది తూర్పుకూ ఆగ్నేయానికీ మొహం తిప్పుకుని ఉంది. సూర్యుడు సముద్రంలోంచి లేచి దాదాపు నిట్టనిలువుగా పైకెక్కిపోతాడు. అక్కడి పాఠం ఇక్కడ అక్షరాలా పనిచేయదు. సెట్టింగులు నాలుగు రోజుల్లో వస్తాయి. తన దగ్గరున్న ఒక్క తీరాన్ని, దాని సూర్యుడిని, పోటుపాట్లని, గాలిని తెలుసుకోవడానికే కాలం పడుతుంది. కొత్తవాళ్ళ ఫొటోలు మెరుగుపడేది కూడా ఎక్కువగా ఆ తెలివిడి వల్లే.

ముందు వెలుతురు సంగతి చూద్దాం. సూర్యోదయానికి అటూ ఇటూ ఒక గంట బంగారు వెలుగు ఉంటుందని పుస్తకాలు హామీ ఇస్తాయి. మన అక్షాంశాల్లో అంత ఉండదు. సూర్యుడు గంటకు సుమారు 14 డిగ్రీల చొప్పున పైకెక్కుతాడు కాబట్టి, అంచు కనిపించిన పాతిక ముప్పై నిమిషాలకే ఆ మెత్తని పసుపు పోయి తెల్లని ఎండ పరుచుకుంటుంది. ఉదయానికి ముందుండే రంగులూ అంతే, ఇరవై పాతిక నిమిషాల వ్యవహారం. విశాఖలో జూన్ మొదట్లో సూర్యోదయం 5.20 ప్రాంతంలో అవుతుంది, జనవరిలో 6.30కి దగ్గర పడుతుంది. ఏ నెలలోనైనా అంతకు ముప్పావుగంట ముందు ఇసుక మీద ఉండాలి. సూర్యుణ్ణి చూడటానికి వచ్చేవాళ్ళు ఉదయించే వేళకు చేరుకుంటారు. ఫొటో కోసం వచ్చేవాళ్ళకు అప్పటికే సగం పని అయిపోయి ఉండాలి.

సూర్యుడు ఏడాది పొడుగునా ఒకేచోట లేవడన్నది అందరికీ తెలిసిందే గాని, దాన్ని ఫొటోకి వాడుకునేవాళ్ళు తక్కువ. విశాఖ దగ్గర డిసెంబరు ఉదయానికీ జూన్ ఉదయానికీ మధ్య సూర్యుడు క్షితిజం మీద దాదాపు 50 డిగ్రీలు జరుగుతాడు. అక్కడ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా సాగుతుంది. అందుకని డిసెంబరులో సముద్రానికి ఎదురుగా నిలబడితే సూర్యుడు ఇంచుమించు ఎదురుగానే వస్తాడు. జూన్‌లో బాగా ఎడమపక్కకు, భీమిలి వైపు తీరరేఖ దగ్గరకు జరిగిపోతాడు. అప్పుడు అలల నురగ మీద వెలుగు పక్కనుంచి పడుతుంది, ప్రతి అలకూ ఒక వెలుగు పక్క, ఒక నీడ పక్క ఏర్పడతాయి. అల ఎత్తు ఫొటోలో తెలిసేది ఆ నీడ వల్లే. ఎదురు వెలుగులో అల నల్లటి గీత, వెనక వెలుగులో చదునైన నీళ్ళు. కాబట్టి అలల ఫొటో కావాలనుకునేవాళ్ళకు వేసవి ఉదయాలు అనుకూలం. ఎదురు సూర్యుడు, నీళ్ళ మీద వెలుగుబాట కావాలంటే చలికాలం మేలు.

సాయంత్రం మన తీరంలో పనికిరాదని చాలామంది అనుకుంటారు. సూర్యుడు వెనక కొండల్లోకో తాటితోపుల్లోకో దిగిపోతాడు కాబట్టి ఆ నమ్మకం ఏర్పడింది. నేను ఒప్పుకోను. అస్తమయం అయిన కొన్ని నిమిషాలకు తూర్పున సముద్రం మీద ముదురు నీలి బూడిదరంగు పట్టీ ఒకటి లేస్తుంది. అది భూమి నీడ. దాని పైన గులాబీ రంగు పట్టీ. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున ఈ రెండు రంగులూ తడి ఇసుక మీద కూడా పడతాయి. వెలుతురు ఎంత మెత్తగా ఉంటుందంటే ఆకాశానికీ నేలకూ తేడా లేకుండా కెమెరా రెంటినీ ఒకేసారి పట్టుకోగలుగుతుంది. ఉదయం పూట ఎంత కుస్తీ పట్టినా దొరకని సౌలభ్యం అది. బీచి నిండా జనం పడమటికి తిరిగి ఇళ్ళకు బయలుదేరే సమయంలో కెమెరా పట్టుకున్న మనిషి తూర్పుకే చూస్తూ ఇంకో ఇరవై నిమిషాలు ఆగాలి.

చంద్రుడి విషయంలో తూర్పు తీరానికి ఒక వరముంది. పౌర్ణమినాడు చంద్రుడు అస్తమయం వేళకే సముద్రంలోంచి లేస్తాడు. అయితే ఫొటోకి పౌర్ణమి కన్నా దాని ముందురోజు మంచిది. ఆ రోజు చంద్రుడు సుమారు ముప్పావుగంట ముందే వచ్చేస్తాడు, ఇంకా పగటి వెలుగు మిగిలే ఉంటుంది. అందువల్ల చంద్రుడి మీది మచ్చలూ కనిపిస్తాయి, కింద నీళ్ళూ కనిపిస్తాయి. పౌర్ణమి రాత్రి చీకటి పడ్డాక తీస్తే చంద్రుడు తెల్లటి చుక్క, సముద్రం నల్లటి గోడ. కార్తిక పౌర్ణమికి సముద్రస్నానాల కోసం వెళ్ళే కుటుంబాల్లో కెమెరా ఉన్నవాళ్ళు ఒకరోజు ముందే చేరుకుంటే ఈ తేడా వాళ్ళకే తెలుస్తుంది. 200 మిల్లీమీటర్లో, అంతకు పైనో లెన్సు ఉంటేనే చంద్రుడు చెప్పుకోదగ్గంత పెద్దగా వస్తాడు. కాలిఫోర్నియాలో ఉంటున్న మనవాళ్ళు ఈ లెక్కంతా తిరగేసుకోవాలి. వాళ్ళకు నిండు చంద్రుడు తెల్లవారుజామున సముద్రంలోకి దిగుతాడు.

పంచాంగం ఉపయోగపడేది చంద్రుడి ఒక్కడికే కాదు. పోటూ పాటూ తిథిని బట్టే నడుస్తాయి. బెస్తవాళ్ళకు ఇది నోటి లెక్క. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ప్రతిదీ మర్నాటికి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్యకూ పౌర్ణమికీ తేడా ఎక్కువ, అష్టమి నవమి రోజుల్లో తక్కువ. ఫ్రాన్సులో సెయింట్-మాలో లాంటి చోట్ల పెద్ద పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టం 12 మీటర్లు దాటి మారుతుంది. విశాఖలో అది సుమారు ఒకటిన్నర మీటర్లు. ఇంత చిన్న తేడాకి లెక్కలెందుకు అనిపించవచ్చు. తీరం వాలు తక్కువగా ఉన్నచోట ఆ ఒకటిన్నర మీటర్లే పదుల మీటర్ల వెడల్పున తడి ఇసుకను బయటపెడతాయి. ఆ తడి ఇసుక మన తీరపు ఫొటోకి ప్రాణం. రాళ్ళు లేని లోటును అది తీరుస్తుంది.

ఒక్క అలను ఒడ్డుదాకా కంటితో వెంబడిస్తే ఈ మాట అర్థమవుతుంది. అల విరిగి, నురగ పల్చబడుతూ ఇసుక మీదికి పాకి, ఒక అంచు దగ్గర క్షణం ఆగుతుంది. ఆ అంచు సన్నని తెల్లటి వంపుగా ఉంటుంది. తరవాత నీళ్ళు వెనక్కి జారతాయి. జారేటప్పుడు దారిలో గవ్వో గులకరాయో ఉంటే దాని రెండు పక్కలా చీలి, సముద్రం వైపు తోకలాంటి గీత వదులుతాయి. నురగ బుడగలు చిట్లుతాయి. నీళ్ళు వెళ్ళిపోయిన రెండు మూడు సెకన్లపాటు ఇసుక అద్దంలా మెరిసి ఆకాశాన్ని మొత్తం చూపిస్తుంది. ఆ తరవాత తడి లోపలికి ఇంకి మట్టిరంగు తిరిగొస్తుంది. ఈ మొత్తం వ్యవహారంలో ఫొటోకి పనికొచ్చే క్షణాలు మూడు: అంచు ఆగిన క్షణం, నీళ్ళు వెనక్కి జారే క్షణం, ఇసుక మెరిసే క్షణం. కొత్తవాళ్ళలో ఎక్కువమంది అల విరిగినప్పుడే మీట నొక్కి, తరవాత కెమెరా దించేస్తారు. ఇంకో ఆరేడు సెకన్లు ఆగితే చాలు. కెమెరా తీయకుండా ఒక పది నిమిషాలు అలలను లెక్కపెడుతూ కూర్చోవడం నేను ఎవరికైనా చెప్పే మొదటి అభ్యాసం. పెద్ద అలలు మూడు నాలుగు వరసగా వచ్చి, తరవాత కాసేపు సద్దుమణుగుతాయని అప్పుడు తెలుస్తుంది.

ఇక షట్టర్ వేగం. సముద్రపు ఫొటోల లోకంలో ఇంతకాలంగా నడుస్తున్న వాదం మరొకటి లేదు. నీళ్ళను పాలపొగలా మార్చేసే దీర్ఘ ఎక్స్‌పోజర్ ఒక పక్షం. తుంపరలను గాలిలో ఆపేసే వేగం ఇంకో పక్షం. మొదటి పక్షానికి బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ మైకేల్ కెన్నా లాంటివాళ్ళ గొప్ప పని అండగా ఉంది. నిమిషాలు, ఒక్కోసారి గంటలు తెరిచి ఉంచిన షట్టర్‌తో ఆయన సముద్రాన్ని నిశ్చలంగా చేసి, అందులో ఒక కొయ్యనో ఒక రాయినో నిలబెట్టాడు. ఆ నలుపుతెలుపు ఫొటోల ప్రభావంతో ప్రపంచమంతటా పొగలాంటి నీళ్ళు అలవాటైపోయాయి. నిలకడగా ఉండే వస్తువు ఏదో ఒకటి ఫ్రేములో ఉంటేనే ఆ పద్ధతి నిలుస్తుందని మాత్రం అనుకరించేవాళ్ళు మరిచిపోతున్నారు. మన ఇసుక తీరంలో 30 సెకన్లు తెరిచి ఉంచితే ఇసుక, పొగ, ఆకాశం మిగులుతాయి, సముద్రం ఉండదు. మంగమారిపేట దగ్గరి సహజ శిలాతోరణం లాంటి చోట, పాత వంతెన స్తంభాలున్న చోట అది పనిచేస్తుంది.

ఈ రెంటి మధ్యా ఉన్న వేగం మన తీరానికి బాగా నప్పుతుందని నా అభిప్రాయం. అర సెకను నుంచి ఒక సెకను దాకా. వెనక్కి జారే నీళ్ళు ఈ వేగంలో తెల్లటి దారాల్లా వస్తాయి, ఏ దిక్కుకు పోతున్నాయో కనిపిస్తుంది. ఒక్క వేలు అడ్డుపెట్టినా నీళ్ళు ఎలా చీలాయో తెలుస్తుంది. అల విరిగే ఘట్టం కావాలంటే 1/1000 సెకను, అంతకన్నా తక్కువ. 1/30, 1/60 ప్రాంతం మాత్రం దేనికీ చాలదు. నీళ్ళు కదిలినట్టూ ఉండవు, ఆగినట్టూ ఉండవు, వణికినట్టు ఉంటాయి. ఆటోలో పెట్టిన కెమెరా తెల్లవారుజామున తరచు ఈ వేగాలనే ఎంచుకుంటుంది. కొత్తవాళ్ళు కెమెరాలో షట్టర్ ప్రాధాన్య మోడ్‌తోనే మొదలుపెట్టాలని చెప్పడానికి ఇదే కారణం.

వెలుతురు పెరిగాక అర సెకను తెరిచి ఉంచాలంటే నల్లద్దం ఫిల్టరు కావాలి. 6 స్టాపుల ఎన్‌డీ ఫిల్టరు వెలుతురును 64వ వంతుకు తగ్గిస్తుంది, 1/15 సెకను ఉండాల్సింది 4 సెకన్లవుతుంది. 10 స్టాపులది ఇంచుమించు వెయ్యో వంతుకు తగ్గిస్తుంది. కొనేది ఒకటే అయితే చిన్నదే కొనడం మంచిది. సూర్యోదయానికి ముందు మామూలు చీకటే ఫిల్టరు పని చేస్తుంది. ఎపర్చర్ ఎఫ్‌/8 నుంచి ఎఫ్‌/11 దాకా చాలు. వేగం తగ్గించడం కోసం ఎఫ్‌/22 దాకా మూస్తే కాంతి అంచుల దగ్గర విరిగి ఫొటో అంతా మెత్తబడిపోతుంది.

ఆకాశాన్నీ సముద్రాన్నీ ఒకేసారి పట్టుకోవడమన్న ఇబ్బంది ఫొటోగ్రఫీ అంత పాతది. 1850లలో వాడిన గాజు నెగటివులు నీలిరంగుకు విపరీతంగా స్పందించేవి. సముద్రం సరిగ్గా వస్తే ఆకాశం తెల్లగా పోయేది. ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ గుస్తావ్ లె గ్రే 1856, 57 సంవత్సరాల్లో తీసిన సముద్రపు ఫొటోల్లో కొన్నింటికి ఆకాశానికి ఒక నెగటివ్, నీళ్ళకు ఒక నెగటివ్ వాడి, క్షితిజరేఖ దగ్గర రెండింటినీ కలిపి ముద్రించాడు. అవి చూసి అప్పటివాళ్ళు అబ్బురపడ్డారు. ఇవాళ ఫోను తనంతట తాను వరసగా కొన్ని ఫొటోలు తీసి కలిపేసేది ఆ పనినే. పద్ధతి మారిందే తప్ప సమస్య మారలేదు.

దానికి ఇప్పుడు మూడు దారులున్నాయి. పైసగం ముదురుగా, కిందిసగం తేటగా ఉండే గ్రాడ్యుయేటెడ్ ఫిల్టరు ఒకటి. మన తీరంలో క్షితిజం గీసినట్టు తిన్నగా ఉంటుంది కాబట్టి అది కొండల తీరాల కన్నా ఇక్కడే బాగా కుదురుతుంది. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ ఫ్రేములోకి వస్తే మాత్రం కొండ పైభాగం అన్యాయంగా నల్లబడుతుంది. రెండోది, తక్కువ ఎక్కువ వెలుతురుల్లో మూడు ఫొటోలు తీసి తరవాత కలపడం. కదిలే అలలతో అది చిక్కే, ఒక అల మూడు చోట్ల కనిపిస్తుంది. మూడోది నాకు బాగా నచ్చినది, ఖర్చు లేనిది: రా ఫార్మాట్‌లో తీసి, ఆకాశంలో వివరం పోకుండా వెలుతురు కాస్త తగ్గించి తీసుకోవడం. నీడలను తరవాత పైకి తేవచ్చు. తెల్లగా మాడిన ఆకాశాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. సూర్యుడు పైకొచ్చి నురగ ఫ్రేము నిండా ఉన్నప్పుడు మాత్రం లెక్క తిరగబడుతుంది. కెమెరా తెలుపు చూసి భయపడి మొత్తాన్ని బూడిద చేస్తుంది. అప్పుడు అర స్టాపో ఒక స్టాపో పెంచాలి. ఏది ఎప్పుడన్నది హిస్టోగ్రామ్ చెబుతుంది. ఎండలో కెమెరా తెర మీది బొమ్మను నమ్మకూడదు.

పోలరైజర్ గురించి ఒక మాట. ప్రతి సలహాదారూ ముందు కొనమనేది దాన్నే. పగటిపూట, సూర్యుడు పక్కనున్నప్పుడు, నీళ్ళ మెరుపు తగ్గించి అడుగున రాయి చూపించడానికి అది మంచిదే. సూర్యోదయానికి ఎదురుగా నిలబడితే ఆకాశం మీద దాని ప్రభావం దాదాపు ఉండదు. పైగా తడి ఇసుక మీది ప్రతిబింబాన్నే అది తుడిచేస్తుంది. ఏ అద్దం కోసం పోటుపాట్లు లెక్కపెట్టుకుని వచ్చామో దాన్నే చెరిపేయడమన్నమాట. ఉదయం దాన్ని సంచిలోనే ఉంచాలి.

క్షితిజరేఖ ఫ్రేము మధ్యలో పెట్టకూడదన్న సూత్రాన్ని కొత్తవాళ్ళు శాసనంలా పాటిస్తారు. జపాన్ ఫొటోగ్రాఫర్ హిరోషి సుగిమోతో 1980 నుంచి ప్రపంచంలో ఎన్నో సముద్రాలను సరిగ్గా సగం ఆకాశం, సగం నీళ్ళుగా తీశాడు. ఓడ లేదు, పక్షి లేదు, ఒడ్డు లేదు. ఆ వరసలోని ఫొటోలను చూసినవాళ్ళు సూత్రం ఎంతవరకో తెలుసుకుంటారు. ఆకాశంలో ఏమీ లేకపోతే దాన్ని తగ్గించాలి, తడి ఇసుక అద్దమైతే రెంటికీ సమానంగా ఇవ్వొచ్చు. గీత ఎక్కడున్నా ఒరగకూడదు, అది ఒక్కటే ఖచ్చితమైన నియమం. సముద్రం ఒక్క డిగ్రీ ఒరిగినా నీళ్ళు కారిపోతున్నట్టుంటుంది. కెమెరాలో గళ్ళు, లెవెల్ గీత పెట్టుకుంటే చాలు.

మొదట్లో చెప్పినట్టు తెర మీద అల చిన్నదైపోవడానికి కారణం వెడల్పు లెన్సు. ఎంత విశాలంగా కనిపిస్తే అంత బాగుంటుందన్న ఆశతో అందరూ దాన్నే బిగిస్తారు. అది ముందున్నదాన్ని పెద్దది చేసి, దూరమున్నదాన్ని చిన్నది చేస్తుంది. ముందు ఏమీ లేకపోతే ఖాళీ ఇసుక పెద్దదవుతుంది, అల చిన్నదవుతుంది. వెడల్పు లెన్సు వాడితే మోకాళ్ళ మీదికి దిగి, అడుగు దూరంలో ఏదో ఒకటి ఉంచాలి: నురగ అంచు, నత్తగుల్ల, లంగరు తాడు, ఎండ్రకాయ తవ్విన గుంత. అలే కావాలంటే 100, 200 మిల్లీమీటర్ల లెన్సుతో దూరంగా నిలబడి తీస్తే వరసగా వచ్చే మూడు నాలుగు అలలు ఒకదాని మీదొకటి పేర్చినట్టు వస్తాయి. కాకినాడ దగ్గర హోప్ ఐలాండ్ అడ్డున్న చోట అలలే ఉండవు, అక్కడ పడవలూ వాటి నీడలూ తీయాలి. మంగినపూడిలో నేల నల్లని మట్టి, అక్కడ నురగ తెలుపు ఇంకెక్కడా లేనంత తేటగా తేలుతుంది. వరదకాలంలో గోదావరి కలిసే అంతర్వేది వైపు నీళ్ళు మట్టిరంగు, అప్పుడు రంగు కోసం వెతక్కుండా నలుపుతెలుపుకు మారిపోవడం మేలు. భీమిలిలో గోస్తనీ, కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే మొగల దగ్గర ఇసుకతిన్నెల ఆకారం తరచు మారుతుంటుంది.

ఫోను చాలా, కెమెరా కావాలా? కూర్పు, వేళ, ఓపిక నేర్చుకోవడానికి ఫోను నిక్షేపంగా చాలు. ప్రో మోడ్ ఉన్నవాటిలో షట్టర్ అర సెకనుకు పెట్టుకోవచ్చు, ఐఫోనులో లైవ్ ఫొటోను దీర్ఘ ఎక్స్‌పోజర్‌గా మార్చుకోవచ్చు. లోపలి జూమ్ లెన్సు చిన్నది కాబట్టి దూరపు అలలకూ చంద్రుడికీ అది సరిపోదు. డబ్బు పెట్టేదుంటే ముందు గట్టి ట్రైపాడ్ మీద పెట్టాలి. ఇసుకలో దాని కాళ్ళను లోతుగా గుచ్చాలి. ఒక్క అల వచ్చిపోగానే కాళ్ళ చుట్టూ ఇసుక తవ్వేసి పోతుంది, ట్రైపాడ్ ఆ మేరకు కుంగుతుంది, ఫొటో చెదురుతుంది. ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడగకపోతే ఉప్పు బిగుసుకుపోతుంది.

ఉప్పు లెన్సుకీ శత్రువే. పొద్దున్నే నేలగాలి సముద్రం వైపు వీస్తుంది, అలల తలలు నిటారుగా నిలుస్తాయి, తుంపర అటే పోతుంది. పొద్దెక్కాక సముద్రపు గాలి తిరిగి అదే తుంపరను లెన్సు మీదికి తెస్తుంది. దాన్ని పొడిబట్టతో రుద్దితే ఉప్పు పలుకులు గాజును గీస్తాయి. ముందు ఊదాలి, తరవాత కాస్త తడిపిన మెత్తని బట్టతో తుడవాలి. ఒడ్డున లెన్సు మార్చకూడదు. హోటల్ ఏసీ గదిలోంచి నేరుగా బీచికి తెచ్చిన కెమెరాకు మంచు పట్టినట్టు ఆవిరి పడుతుంది, కాబట్టి సంచిలోనే ఉంచి అరగంట ముందు బయటి గాలికి పెట్టాలి. తీరప్రాంతాల ఇళ్ళలో లెన్సులకు బూజు పట్టడం మామూలు. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టుకోవాలి.

సామగ్రి పోతే కొనుక్కోవచ్చు. ప్రాణం సంగతి చాలా పుస్తకాల్లో ఒక్క వాక్యంతో ముగుస్తుంది. మన తీరంలో అది చాలదు. ఒడ్డుకు వచ్చిన నీళ్ళు ఎక్కడో ఒకచోట గుంపుగా సముద్రంలోకి తిరిగిపోవాలి. రెండు పక్కలా తెల్లగా అలలు విరుగుతుండగా మధ్యలో ఒక జాగా మాత్రం నునుపుగా, కాస్త ముదురు రంగులో, ప్రశాంతంగా కనిపిస్తుంది. వెనక్కి లాగే ప్రవాహం అదే. ఫొటో తీసేవాడి కళ్ళకు అందమైనదీ, దిగడానికి అనువైనదీ అనిపించే జాగా కూడా అదే. విశాఖ ఆర్కే బీచిలో, యారాడలో మునిగిపోయినవాళ్ళలో ఎందరినో అలాంటి చోట్లే లాగేశాయి. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టినవాడికి పక్కనుంచి వచ్చే అల కనిపించదు కాబట్టి ఇద్దరుగా వెళ్ళాలి, మోకాలి లోతు దాటకూడదు, తడిసిన రాతి మీద నిలబడకూడదు. రాయి తడిసి ఉందంటే అక్కడిదాకా అల వచ్చిందని అర్థం. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ మన తీరానికి అలల ఎత్తు, ఉప్పెన, ఉధృతి హెచ్చరికలు ఎప్పటికప్పుడు ఇస్తుంది. వేళ చూసుకున్నంత శ్రద్ధగా దాన్నీ చూసుకుని బయలుదేరాలి.

తీరం ఖాళీగా ఉంటేనే అందమన్న అభిప్రాయం కూడా అరువుదే. మన తీరం పనిచేసే తీరం. విశాఖ పెదజాలారిపేటలోనో, ఉప్పాడలోనో తెల్లవారుజామున పడవను నీళ్ళలోకి తోసే మనుషులు ఉంటారు. అలల వరస చూసి ఆగి, సద్దుమణిగిన ఆ కొన్ని సెకన్లలో అందరూ ఒక్కసారిగా భుజం పడతారు, పడవ ముక్కు నురగను చీల్చుకుని లేస్తుంది. అలలను లెక్కపెట్టడం నేర్చుకున్నవాడికే ఆ క్షణం దొరుకుతుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవలకు వేట నిషేధం, అప్పుడు ఆ పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, వలలు బాగుచేసుకుంటారు, రంగులు వేసుకుంటారు. మనుషుల ఫొటోలు తీయడానికి అంత తీరిక ఉన్న కాలం ఇంకోటి లేదు. ముందు మాట్లాడాలి, పేరు అడగాలి, తీయొచ్చా అని అడగాలి, తీసింది చూపించాలి, వీలైతే ముద్రించి తీసుకెళ్ళి ఇవ్వాలి. చేపలు రాని రోజున ఖాళీ వల ముందు నిలబడ్డ మనిషి ముఖాన్ని దూరం నుంచి జూమ్‌తో దొంగచాటుగా తీసిన ఫొటోలు ఎన్నో పోటీల్లో చూశాను. వాటిలో ఎంత నైపుణ్యమున్నా నాకు బాధే మిగిలింది.

తీరానికి ఇంకొన్ని హద్దులున్నాయి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిపూట గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఫ్లాషూ టార్చీ వాటిని బెదరగొట్టి వెనక్కి పంపేస్తాయి, పిల్లలను దారి తప్పిస్తాయి. విశాఖ తూర్పు నౌకాదళ కేంద్రం కాబట్టి అక్కడ డ్రోను ఎగరేసేముందు అనుమతి ఉన్న ప్రాంతమో కాదో తప్పక చూసుకోవాలి. నౌకాదళ స్థావరాల వైపు కెమెరా తిప్పకూడదు.

ఇంటికొచ్చాక చేసే మెరుగుల్లో ఒక్కటే చెబుతాను: సాచురేషన్ మీటను ముట్టుకోకముందు వైట్ బ్యాలెన్స్ చూసుకోవాలి. ఆటో వైట్ బ్యాలెన్స్ తెల్లవారుజామున ఉన్న అసలు నీలాన్నీ గులాబీనీ చదును చేసేస్తుంది, అది పోయిందని మనం నారింజ కుమ్మరిస్తాం. పగటి వెలుగు దగ్గర దాన్ని నిలిపితే కంటికి కనిపించిన రంగు చాలావరకు అక్కడే ఉంటుంది.

ఎక్కడెక్కడికో తిరగడం కన్నా ఒకేచోటుకు మళ్ళీ మళ్ళీ వెళ్ళడం మేలన్నది నా ప్రధానమైన మాట. దానికి ఫొటో బాగుపడటం ఒక్కటే కారణం కాదు. కాకినాడకు ఉత్తరాన ఉప్పాడ దగ్గర సముద్రం ఏళ్ళ తరబడి ఊరిని కోసుకుంటూ వస్తోంది, తీరం వెంట వేసిన రోడ్డును పదేపదే తవ్వేస్తోంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరం రూపునే మార్చేసింది. ఓడరేవు కట్టడాల వల్ల ఇసుక నడక ఆగిపోయి, ఆర్కే బీచికి తవ్విన ఇసుకను తెచ్చి పోయాల్సి వస్తోంది. ఈ మార్పును ఏళ్ళ తరబడి ఒకేచోటు నుంచి నమోదు చేసిన ఫొటోలు మన దగ్గర చాలా తక్కువ. కొత్తగా కెమెరా పట్టినవాళ్ళే ఆ పని చేయగలరు, దానికి ఖరీదైన సామగ్రి అక్కర్లేదు. కదలని గుర్తు ఒకటి ఎంచుకోవాలి, దీపస్తంభమో, గుడి గోపురమో, కొండ కొసో. ప్రతిసారీ అదే జాగాలో, అదే లెన్సుతో, అదే తిథికి, పాటు వేళ చూసుకుని నిలబడాలి. తీసిన ఫొటో ఫైలుకు చోటు, తేదీ, తిథి, గంట రాసిపెట్టుకోవాలి. పోటులో ఒకటి, పాటులో ఒకటి తీసి కలిపి పోల్చకూడదు, తీరం కోసుకుపోయినట్టు లేని భ్రమ కలుగుతుంది.